ఆరు నిమిషాల ఎదురుగాలి

పోర్ట్‌బ్లెయిర్ నుంచి మద్రాసుకు విమానంలో ఎంత దూరం, ఎంతసేపు పడుతుందని ఇప్పటికీ ఎవరో ఒకరు నన్ను అడుగుతూనే ఉంటారు. దూరం చెప్పడం సులువు. ఏడువందల నలభై నాటికల్ మైళ్ళు; మన వాడుకలో దాదాపు పదమూడువందల డెబ్బై కిలోమీటర్లు. నేను పుట్టకముందు అంతే, పోయాక కూడా అంతే. సమయం అడిగితే మాత్రం "గాలిని బట్టి" అని ఊరుకుంటాను. అడిగినవాళ్ళు దాన్ని వయసుతో వచ్చిన జాగ్రత్త అనుకుంటారు. ఆ జాగ్రత్త నాకు ఒక ఉదయం వచ్చింది, అదీ ఆలస్యంగా. ఈ వృత్తిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు చదువుతారని ఇది రాస్తున్నాను. ఇందులో సాంకేతికంగా మీకు తెలియనిదేమీ లేదు. ఆ విద్య మీకు నాకన్నా బాగా వచ్చు.

ఎనభైల తొలి సంవత్సరాల్లో నేను మద్రాసు విమానాశ్రయంలో ఒక విమాన సంస్థకు డిస్పాచర్‌ని. విమానం ఆకాశంలో ఎగరకముందు దాన్ని కాగితం మీద ఒకసారి ఎగరేసి చూడటం నా పని. దారి, ఎత్తు, గాలి, వాటిని బట్టి సమయం, సమయాన్ని బట్టి ఇంధనం లెక్కకట్టి, ఆ కాగితం కెప్టెన్ చేతికిచ్చి, ఆయన సంతకం తీసుకోవాలి. కంప్యూటర్లు మా గదిలోకి ఇంకా రాలేదు. గుండ్రటి స్లైడ్‌రూల్ ఒకటి, పెన్సిలు, రబ్బరు, అంతే సరంజామా.

ఇల్లు తిరువళ్ళూరులో. పొద్దున్నే కరెంటు రైలెక్కి సెంట్రల్‌లో దిగి, పార్కు స్టేషన్‌కు నడిచి, అక్కడ ఇంకో బండి పట్టుకుని మీనంబాక్కం చేరేసరికి రెండు గంటలు దాటేది. విమానం అదే రెండు గంటల్లో బంగాళాఖాతం దాటి ద్వీపంలో దిగేది. మా రైలుపెట్టెలో రోజూ చీట్లపేక ఆడే బృందానికి ఈ సంగతి తెగ నచ్చింది. "సార్, మీరు ఆఫీసుకు పొయ్యేలోపల మీ విమానం అండమాన్‌కే పొయ్యి ఇడ్లీ తినేసి ఉంటుందే!" అని ఒకాయన నవ్వేవాడు. నేనూ నవ్వేవాణ్ణి. నా లెక్కల మీద నాకు అంత నమ్మకం.

ఇక్కడ ఒక్క సాంకేతిక విషయం చెప్పక తప్పదు. ద్వీపంలోని రన్‌వే పొట్టిది. ఎండ ముదిరితే ఇంజన్ల బలం తగ్గుతుంది. అందువల్ల అక్కడినుంచి లేచే విమానం బరువుకు ఒక గట్టి హద్దు ఉంటుంది. ఎదురుగాలి బలంగా ఉంటే ప్రయాణం పెరుగుతుంది, ఇంధనం ఎక్కువ కావాలి. అంత ఇంధనం ఎక్కించాలంటే అంత బరువు మనుషుల్లోనో సామానులోనో దించాలి. ఆరు నిమిషాల అదనపు ప్రయాణానికి పట్టే ఇంధనం సుమారు ముగ్గురు మనుషుల బరువు, వాళ్ళ పెట్టెలతో సహా. దీన్ని గుర్తుంచుకుంటే చాలు. తక్కినదంతా దీనిమీదే నిలబడింది.

మా చెల్లెల్ని తిరుత్తణిలో ఇచ్చాం. బావమరిది అక్కడ చక్కెర మిల్లులో పనిచేసేవాడు. మొదటి ఇద్దరు బిడ్డలూ పురిట్లోనే పోయారు. మూడోది ఆడపిల్ల, నిలబడింది. నిలబడితే కొండమీద సుబ్రహ్మణ్యస్వామి సన్నిధిలో గుండు కొట్టించి, అన్న ఒళ్ళో కూర్చోబెట్టి చెవులు కుట్టిస్తానని చెల్లెలు కడుపుతో ఉన్నప్పుడే మొక్కుకుంది. మా ప్రాంతంలో ఈ పనికి మేనమామ ఒడే కావాలి. మేనమామ లేనివాళ్ళు వరసకు ఎవరినో ఒకరిని కూర్చోబెట్టుకుంటారు గానీ, ఉన్న మామ రాకపోవడం వేరు. దాన్ని ఇరువైపుల బంధువులూ ఏళ్ళ తరబడి చెప్పుకుంటారు. చెల్లెలికి ఉన్నది నేనొక్కణ్ణే.

ముహూర్తం పెట్టుకున్నాక నాకు ద్వీపం డ్యూటీ పడింది. అప్పట్లో తిరుగు విమానం కాగితాలు చూడటానికి మాలో ఒకరిని నెలరోజులకు అక్కడికి పంపేవారు. వెళ్ళేముందు తిరుత్తణికి వెళ్ళి చెప్పాను.

"ఇప్పుడే పోవల్లనా అన్నా ఆ దీవికి?" అంది చెల్లెలు, పిల్లకు పాలు పడుతూ. "వేరే ఎవుర్నన్నా పంపరాదా?"

"ముహూర్తానికి ముందురోజు విమానం ఉంది. పొద్దున అక్కడ ఎక్కితే మధ్యాహ్నానికి ఈ ఇంట్లో ఉంటాను. రెండు గంటలే కదా."

బావమరిది అరుగుమీదనుంచే అందుకున్నాడు. "నువ్వు సుమ్మా ఊరికే ఉండు. మా బావ గాలికే కొలతబెట్టే ఉద్యోగం చేస్తా ఉండేది. కరెంటు రైలన్నా లేటవుతుందేమో గానీ, ఈయన లెక్క తప్పుతుందా?"

"లెక్కలన్నీ మీరే పెట్టుకోండి. మనిషిగా వచ్చి కూసోమను, సాలు," అంది చెల్లెలు.

వస్తానని మాట ఇచ్చాను. మాటతోపాటు, రెండు గంటలంటే రెండు గంటలేనని ఒక చిన్న ఉపన్యాసం కూడా ఇచ్చాను.

ద్వీపంలో నాకు దొరికిన ఒకేఒక్క ఊరి మనిషి వాతావరణ శాఖలో బెలూన్లు వదిలే అబ్బాయి. అబ్బాయి అంటున్నానే గానీ, పెళ్ళయి ఒక ఆడపిల్ల తండ్రి. ఊత్తుకోట వాళ్ళు. అక్కడ చుట్టూ హిందీ, బెంగాలీ, తమిళం. మన యాసలో తెలుగు వినిపించేది అతని నోటే. మొదటిరోజే నన్ను "అన్నా" అన్నాడు, నేను "తమ్ముడూ" అన్నాను, అలా స్థిరపడిపోయింది.

అతని పని చూడముచ్చటగా ఉండేది. తెల్లవారుతూనే హైడ్రోజన్ నింపిన బెలూన్‌ని వదిలి, థియోడొలైట్ అనే కొలత టెలిస్కోపుకు కన్ను ఆనించి, నిమిషానికొకసారి అది ఏ దిక్కున, ఎంత కోణంలో ఉందో చూసి రాసుకునేవాడు. ఆ కోణాల నుంచి ఏ ఎత్తులో ఏ గాలి వీస్తోందో తేలుతుంది. ఆకాశం నిర్మలంగా ఉంటే అది ఆవగింజంత అయ్యేదాకా కన్ను తీసేవాడు కాదు. "నీది కాగితం గాలి అన్నా. నాది కంటి గాలి," అనేవాడు. చివరి రీడింగుల్లో అనుమానం ఉంటే పక్కన గీత పెట్టి వాటిని పై ఆఫీసుకు పంపకుండా వదిలేయడం వాళ్ళ పద్ధతి. ఏది అనుమానమో, ఏది కాదో తేల్చవలసింది ఆ కన్ను ఆనించినవాడే. ఇంకొకరు చెప్పేది కాదు.

అతని బదిలీ కాగితాలు మద్రాసులో ఆఖరి సంతకం దగ్గర ఉన్నాయి. ఆ కబురు కోసమే బతుకుతున్నాడు. "పోయినసారి లీవులో ఊరికి పోతే నా బిడ్డ నన్ను చూసి, ఎవురమ్మా ఈయన అన్నింది," అని నవ్వుతూనే చెప్పాడొక సాయంత్రం. నేను బయలుదేరే ముందురోజు గవ్వలు అతికించిన చిన్న పెట్టె తెచ్చి ఇచ్చాడు. "మా ఇంటిదానికి ఇచ్చెయ్యన్నా. తిరువళ్ళూరునించి ఊత్తుకోట ఎంత, బస్సెక్కితే పొయ్యేస్తావు. బిడ్డకని చెప్పు."

ఆ ఉదయం గురించి చెబుతాను.

సిబ్బంది టికెట్‌తో ప్రయాణించేవాడికి సీటు ఖాయం కాదు. టికెట్ కొన్నవాళ్ళందరూ ఎక్కాక, బరువులో చోటు మిగిలితేనే ఎక్కాలి. బరువు తగ్గించాల్సి వస్తే మొదట దిగేది వాడే. ఈ నియమం నాకు కంఠతా వచ్చు. ఎందరినో ఈ నియమం చెప్పి దించాను. తర్వాతి విమానం మూడు రోజులకు గానీ లేదు. ఓడ మాట ఎత్తనక్కర్లేదు.

మద్రాసు నుంచి ముందురాత్రి వచ్చిన అంచనాలో పైగాలి స్వల్పం అని ఉంది. దాని ప్రకారం లెక్కవేస్తే అందరూ ఎక్కవచ్చు, నాతో సహా. అంతలో తమ్ముడు రీడింగుల కాగితం పట్టుకుని వచ్చాడు.

"అన్నా, పైన పడమటి గాలి గట్టిగా ఉండాది. మద్రాసోళ్ళు చెప్పిన దానికి రెండింతల పైనే."

చూశాను. విమానం ఎగిరే ఎత్తులో ముప్పై అయిదు నాట్ల, అంటే గంటకు అన్ని నాటికల్ మైళ్ళ, ఎదురుగాలి. అంచనాలో ఉన్నది పదిహేను. స్లైడ్‌రూల్ తిప్పాను. తేడా ఆరు నిమిషాలకు కాస్త తక్కువ. ముగ్గురు దిగాలి: మొదట నేను, తర్వాత ఆఖరున టికెట్లు కొన్న ఇద్దరు. ఆ ఇద్దరూ వైద్యానికి మద్రాసు వెళుతున్న ఒక వృద్ధుడు, ఆయన కూతురు. బయట బెంచీ మీద సంచి పట్టుకుని కూర్చుని ఉన్నారు.

ఇప్పటికీ ఆ ఇద్దరి కోసం చేశానని చెప్పుకునే అవకాశం నాకు ఉంది. ఆ ఉదయం నాకు నేను చెప్పుకున్నది కూడా అదే. అయితే స్లైడ్‌రూల్ మీద వేలు ఆగినప్పుడు నా కళ్ళ ముందు మెదిలింది ఆ ముసలాయన ముఖం కాదు. తిరుత్తణి అరుగు మీద బావమరిది నవ్వు.

"పై రీడింగులు సరిగా చూసినావా?" అన్నాను.

"చూసినా."

"బెలూన్ సూర్యుడి పక్కకు పోయుండాలే ఆ సమయానికి. కంట్లో ఎండ పడలేదా?"

అతను నా ముఖం వైపు చూశాడు. "పడింది. కొంచెం," అన్నాడు.

"మద్రాసు అంచనాకూ దీనికీ ఇంత తేడా ఉండటం చిత్రంగా ఉంది. నాకైతే అనుమానమే."

ఇంతే అన్నాను. గీత పెట్టమని అనలేదు. వయసులో పెద్దవాణ్ణి, చార్టులు చదివినవాణ్ణి, అతను అన్నా అని పిలిచేవాణ్ణి. అనుమానమే అంటే చాలు. అతను జేబులోంచి పెన్సిలు తీశాడు. పై రీడింగుల పక్కన సన్నగా గీత గీసి, కాగితం నా బల్ల మీద పెట్టాడు.

"రేపు మేనగోడలికి చెవులు కుట్టేది గదన్నా," అన్నాడు. ప్రశ్నలా అనలేదు. తలుపు దాటి వెళ్ళిపోయాడు.

నేను పదిహేను నాట్లు వేసుకుని లెక్క పూర్తిచేశాను. కెప్టెన్ వచ్చారు. ఆయన మామూలుగా రెండు మూడు ప్రశ్నలు అడిగి చూసే మనిషి. నా కాగితాన్ని మాత్రం పైనుంచి కిందికి ఒకసారి చూసి సంతకం పెట్టేవారు. ఆ రోజూ అలాగే పెట్టారు. నా సర్వీసులో నాకు దక్కిన గౌరవాల్లో అది అన్నిటికన్నా పెద్దది. దాన్ని అలా వాడుకున్నాను.

చివరి వరసలో కూర్చున్నాను. పక్కనే ఆ వృద్ధుడు, కిటికీ వైపు కూతురు. విమానం లేచాక గంట కాకముందే ఎయిర్‌హోస్టెస్ వచ్చి కెప్టెన్ రమ్మంటున్నారని చెప్పింది. ఆ రోజుల్లో కాక్‌పిట్‌లోకి మమ్మల్ని పిలవడం వింత కాదు.

సముద్రం మీద ప్రతి ప్రయాణంలో ఒక బిందువు ఉంటుంది. దానికి ముందు వెనక్కి తిరగడం నయం, దాని తర్వాత ముందుకు సాగడం నయం. అక్కడికి చేరబోతున్నాం. కో-పైలట్ వేగం లెక్కచూసి కాగితం కెప్టెన్ ముందు పెట్టాడు. కెప్టెన్ వెనక్కి తిరగకుండానే ఇంగ్లీషులో అడిగారు:

"నువ్విచ్చిన గాలి ఇక్కడ లేదు. ఉన్నది దానికి రెండింతలు. పొద్దున బెలూన్ ఏం చెప్పింది?"

అప్పుడు ఒక మాట చెప్పి ఉంటే సరిపోయేది. బెలూన్ సరిగ్గానే చెప్పింది, నేనే తీసుకోలేదు అని. ఆయన వెంటనే వెనక్కి తిప్పేవారు, అంతకుమించి ఆకాశంలో నన్నేమీ చేసేవారు కారు. వెనక్కి తిప్పితే ముహూర్తం పోతుంది. నేను వెతుక్కున్న వాక్యం వేరు.

"పై రీడింగులు స్పష్టంగా లేవు, సర్. అనుమానం అని గుర్తు పెట్టారు."

అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. అబద్ధమే ఆడి ఉంటే ఇంతకన్నా తక్కువ సిగ్గుపడేవాణ్ణేమో. కెప్టెన్ ఒక నిమిషం ఆలోచించి, మద్రాసు వాతావరణం రేడియోలో అడిగి, బాగుందని విని, గాలి తగ్గుతుందని కాస్త కిందికి దిగి, ముందుకే సాగారు. ఆయన తీసుకున్న నిర్ణయం ఆయనకు తెలిసినంతలో సరైనదే. ఆయనకు తెలియనిది నా దగ్గరే ఉండిపోయింది.

మద్రాసు దగ్గరపడ్డాక విమానం దిగలేదు. ఒకవైపుకు ఒరిగి వలయం తిరగడం మొదలుపెట్టింది. రన్‌వే మీద ఒక చిన్న విమానం టైరు పగిలి అడ్డంగా ఆగిపోయిందని తర్వాత తెలిసింది. తక్కిన ప్రయాణికులకు కిటికీలోంచి సముద్రం, ఊరు, మళ్ళీ సముద్రం కనిపిస్తున్నాయి. పిల్లలకు సరదాగా కూడా ఉంది. నాకు ఇంధనం అంకెలు కనిపిస్తున్నాయి. బెంగుళూరుకు మళ్ళాలంటే కావలసినంత మిగలలేదు. ఇక ఇక్కడే దిగాలి, ఆ దారి తెరుచుకుంటేనే.

"ఇంకెంతసేపు తంబీ?" అన్నాడు వృద్ధుడు తమిళంలో. నేను విమానాల మనిషినని కూతురు చెప్పినట్టుంది.

"ఆరు నిమిషాలు," అన్నాను. ఎందుకు ఆరు అన్నానో తెలియదు. ఆయన తృప్తిగా తలూపి, సంచిని ఒళ్ళోకి తీసుకుని, దిగడానికి సిద్ధమయ్యాడు.

తొమ్మిదో వలయమో పదో వలయమో నేను లెక్కపెట్టలేదు. జీవితంలో అంకెలు వదిలేసిన సమయం అదొక్కటే. చివరికి దిగాం. మెట్ల దగ్గర కెప్టెన్ చొక్కా వీపంతా తడిసి ఉంది. నన్ను చూసి, "ఈరోజు నీ గాలి నన్ను బాగా ఉతికింది," అన్నారు. కోపంగా కూడా కాదు. గాలి అంచనా తప్పిందని, ద్వీపం నుంచి వచ్చిన రీడింగులు అసంపూర్ణమని ఆయన రిపోర్టులో రాస్తారని నాకు తెలుసు. రాయవలసిందే. నేను సరేనని తలూపి సెంట్రల్‌కు బయలుదేరాను.

మర్నాడు ఉదయం తిరుత్తణి కొండ మీద ముహూర్తం సకాలంలో జరిగింది. గుండు కొట్టించుకున్న పిల్ల తలకు చందనం పూసి నా ఒళ్ళో పెట్టారు. కంసాలి ఆచారి రెండు చెవులకూ కుంకుమతో చుక్కలు పెట్టి, దూరం జరిగి, సమంగా ఉన్నాయా అని చూస్తున్నాడు. పిల్ల నా చొక్కా గుండీని గుప్పిట్లో పట్టుకుంది.

బావమరిది చుట్టాలందరికీ ప్రకటిస్తున్నాడు: "నిన్న పొద్దున దీవిలో కాఫీ తాగినోడు, మధ్యాన్నానికి మా ఇంట్లో అన్నానికి కూసోనుండాడు! చెప్పినానా లేదా? మా బావ లెక్కంటే అట్ల!"

"అంత దూరంనించి ఒక దినంలోనా!" అని ఎవరో పెద్దావిడ బుగ్గ నొక్కుకుంది.

చెల్లెలు వంగి నా చెవి దగ్గర, "ఏమన్నా, రాత్రి నిద్ర పోలేదా?" అంది.

"విమానం ఎక్కితే అంతే," అన్నాను.

"బిడ్డను గట్టిగా పట్టుకో. కదిలితే చెవి చీలిపోతాది." గట్టిగా పట్టుకున్నాను. సూది దిగింది. పిల్ల ఏడ్చిన ఏడుపుకు మా బావమరిది కూడా ఒక్క క్షణం నోరు మూశాడు. చెల్లెలు ఏడుస్తూ నవ్వుతూ పిల్లను అందుకుంది. ఇద్దరిని పోగొట్టుకున్న తల్లి ఎలా అందుకోవాలో అలాగే. ఆ సంతోషం అచ్చమైనది. దాన్ని నేను కొనిపెట్టిన వెల మాత్రం ఆమె చేతిది కాదు, నా చేతిదీ కాదు.

గవ్వల పెట్టె నా మంచం కింద ట్రంకులో ఉండిపోయింది. ఊత్తుకోటకు బస్సులు లేక కాదు. కొన్ని వారాల తర్వాత ఒకరోజు మా గదిలో ఒక సహోద్యోగి టీ తాగుతూ నవ్వాడు: "ఆ దీవిలో బెలూన్ మనిషికి కన్ను సరిగా కనిపించదట. మన ఫ్లైటు గాలి తప్పింది కదా, దానికి సంజాయిషీ అడిగారట. ఇప్పుడు కంటి పరీక్ష తేలేదాకా బదిలీ ఆపేశారు. మద్రాసు ఖాళీలో ఇంకెవర్నో వేసేశారు." అందరూ నవ్వారు. నేను కూడా నవ్వానో లేదో గుర్తులేదు. నవ్వకపోతే ఎవరైనా నా వైపు చూసేవారు, ఎవరూ చూడలేదు. కాబట్టి నవ్వే ఉంటాను.

ఆ ఆదివారం పెట్టె తీసుకుని ఊత్తుకోట వెళ్ళాను. అతని భార్య వీధి గది ఊడుస్తూ ఉంది. భర్త పేరు చెప్పగానే చీపురు పక్కన పడేసి, చాప పరిచి, మంచినీళ్ళు తెచ్చింది. పిల్ల పెట్టె మీది గవ్వలను ఒక్కొక్కటే వేలితో తడుముతోంది.

"ఆడినించి ఈడికి ఎంతసేపన్నా పట్టేది?" అందామె.

"విమానంలో రెండు గంటలమ్మా."

"రెండు గంటలేనా?" ఆమె నిజంగానే ఆశ్చర్యపోయింది. తర్వాత పిల్ల వైపు చూస్తూ, నిష్ఠూరమేమీ లేకుండా, "రెండేండ్లుగా వస్తానే ఉండాడన్నా," అంది.

ఆమెకు నేను అసలు సంగతి చెప్పలేదు. తిరుగు బస్సులో మాత్రం తీర్మానించుకున్నాను. మర్నాడు మా చీఫ్ గది దాకా వెళ్ళాను. ఆయన తలెత్తి "ఏంటి?" అన్నారు. వచ్చే నెల డ్యూటీ చార్టు గురించి ఏదో అడిగి వచ్చేశాను. ఆ తర్వాత ఆ గది దాకా కూడా వెళ్ళలేదు. ద్వీపం డ్యూటీ పడినప్పుడల్లా ఏదో ఒక సాకుతో ఇంకొకరికి మార్పించుకున్నాను. ఉద్యోగంలో నా మీద ఏ మచ్చా లేదు. పదోన్నతులు సమయానికే వచ్చాయి.

అతనికి బదిలీ అయ్యేసరికి ఇంకో ఏడాది పైనే పట్టింది. ఒక సాయంత్రం తిరువళ్ళూరు స్టేషన్‌లో దిగాను. ప్లాట్‌ఫారం మీద ఎవరో "అన్నా!" అన్నారు. తిరిగి చూస్తే తమ్ముడు. పిల్లను చంకనెత్తుకున్నాడు. ముఖానికి నల్లటి మందపాటి ఫ్రేము కళ్ళద్దాలు. వెళ్ళిపోవడానికి నాకు దారి లేదు, బండి నా వెనకనుంచే కదిలిపోయింది.

"అద్దాలు ఎప్పటినుంచి?" అన్నాను.

"నువ్వు ఆ విమానం ఎక్కినాంకనే," అని నవ్వాడు. "ఎందుకు గీత పెట్టినావని అడిగిరి. ఎండ కండ్లల్లో పడింది, సరిగా కనబడలేదని రాసిచ్చినా. ఓహో, అట్లయితే పొయ్యి కండ్లు చూపించుకో అనిరి. డాక్టరు చూసి నీకేమీ లేదు పోవయ్యా అన్నాడు. ఏమీ లేదంటే కథ మళ్ళా మొదటికొస్తాది గదా! సామీ, సుమ్మా ఏదో ఒక నంబరు రాసియ్యి అంటి. రాసిచ్చినాడు."

"నా పేరు ఎందుకు చెప్పలేదు?"

"ఏమని చెప్పేది? మా అన్న మేనగోడలికి చెవులు కుట్టల్ల, అందుకని గాలి తగ్గించినాము అనా? ఆ ఫారంలో దానికి గడే లేదన్నా!" పగలబడి నవ్వాడు. పిల్ల తండ్రి నవ్వు చూసి తనూ నవ్వింది.

తప్పు నాదని చెప్పాను. ఏడాదిన్నరగా ఎవరికీ చెప్పలేకపోయిన మాట, స్టేషన్ రద్దీలో, వేరుసెనక్కాయల బండి పక్కన నిలబడి చెప్పాను. అతను నవ్వు ఆపాడు.

"గీత పెట్టింది నా పెన్సిలే గదన్నా. నాకు తెలీకుండానా పెట్టినా? బెలూన్ నా కంటికి బాగానే ఆనింది." పిల్లను చంకలో సర్దుకుని, మెల్లగా అన్నాడు: "ఇప్పుడు టెలిస్కోపు దగ్గరికి రానీరు. కండ్లద్దాలోడు గదా. చార్టులు అతికించే పని. అదొక్కటే కొంచెం..."

అతని కంటి గాలి అక్కడితో సరి. ఆ శాఖలో అంత శ్రద్ధగా ఆవగింజను వెంబడించిన కన్ను ఇంకొకటి ఉందో లేదో నాకు తెలియదు.

"చూపు బాగున్నప్పుడు ఆ అద్దాలెందుకు తమ్ముడూ? ఇంటి దగ్గరన్నా తీసెయ్యి," అన్నాను. చేయగలిగిన సాయం అదొక్కటే అన్నట్టు.

అతను అద్దాలు తీసి చేత్తో పట్టుకున్నాడు. ముక్కుకు అటూ ఇటూ ఎర్రగా రెండు గుర్తులు. చంకలోని పిల్ల తల వెనక్కి వాల్చి ఆ ముఖాన్ని పరీక్షగా చూసింది. పెదవి విరిచింది. దూరంగా, మెట్ల వైపు చూస్తూ, "నాయన యాడ?" అంది.

అతను గబగబా అద్దాలు పెట్టుకున్నాడు. పిల్ల వెంటనే రెండు చేతులూ అతని మెడ చుట్టూ వేసింది.

"చూసినావా?" అన్నాడు తమ్ముడు, నా వైపు తిరిగి. "ఇవి లేకుంటే నేనెవురో దీనికి తెలీదన్నా."